600 గజాల లోపు చల్లదనం మీ ఇష్టం

మన దగ్గర చిన్న ఇంటి యజమానికి ఉన్నంత స్వేచ్ఛ ఇంకెవరికీ లేదని సవినయంగా మనవి చేస్తున్నాను. నమ్మకపోతే 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ తీసి చూడండి. దేశంలో ఇలాంటిది తెచ్చిన మొదటి రాష్ట్రం మనదే. దాని ప్రకారం ప్రభుత్వ భవనమైనా, మాల్ అయినా, ఆఫీసైనా కప్పు ఎండను తిప్పికొట్టేలా ఉండి తీరాలి. ఇల్లయితే, స్థలం 600 గజాలో ఆపైనో ఉంటేనే తప్పనిసరి. అంతకు తగ్గితే మీ ఇష్టం.

అంటే, వెయ్యి గజాల్లో ఇల్లు కట్టుకుని గదికో ఏసీ పెట్టుకున్న పెద్దమనిషిని ప్రభుత్వం పట్టుబట్టి చల్లబరుస్తుంది. 80 గజాల్లో జీ ప్లస్ వన్ లేపి, కింద పోర్షన్ అద్దెకిచ్చి, పైన స్లాబు కింద కాపురముండే చిరుద్యోగిని మాత్రం ఎవరూ బలవంతపెట్టరు. ఉడకాలనుకుంటే నిరభ్యంతరంగా ఉడకవచ్చు.

2028-29 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కూల్ రూఫులు రావాలన్నది లక్ష్యం. అందులో 200 ఒక్క హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు లోపలే. చిన్న ఇళ్లను పక్కన పెడితే అంత కప్పు ఎక్కడి నుంచి వస్తుందని కొందరు లెక్కలు అడుగుతున్నారు. లక్ష్యం ప్రకటించిన రోజున లెక్కలడగడం మర్యాద కాదు.

స్లాబు ఎలా పనిచేస్తుందో తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. మే నెల మధ్యాహ్నం నల్లబడిన స్లాబు 60 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. అయిదంగుళాల కాంక్రీటు దాటడానికి ఆ వేడికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే అది ఎప్పుడూ సరిగ్గా మనం ఆఫీసు నుంచి వచ్చి, చొక్కా విప్పి, ఫ్యాను వేసుకునే వేళకే లోపలికి దిగుతుంది. ఫ్యాను తన ధర్మంగా ఆ వేడిని కిందికి తోస్తుంది. ఐదు మీద పెడితే ఇంకాస్త భక్తిగా తోస్తుంది. రాత్రి పదింటికి స్నానం చేద్దామని పంపు తిప్పితే ట్యాంకులోంచి వేణ్ణీళ్లు వస్తాయి. ఎండాకాలంలో గీజరు ఖర్చు మిగలడం కూడా ఒక లాభమే కదా.

దీనికి విరుగుడు లేదని కాదు. 2017లో బంజారాహిల్స్ దేవరకొండ బస్తీలో 25 ఇళ్ల కప్పుల మీద తెల్లటి షీటు పరిచి చూశారు. మిగతా ఇళ్లతో పోలిస్తే లోపల సగటున 2 డిగ్రీలు తగ్గింది. కూల్ రూఫుకి చదరపు మీటరుకి 300 రూపాయలవుతుందని పాలసీ తెచ్చినప్పుడే చెప్పారు. 80 గజాల స్లాబు మొత్తానికి ఇరవై వేలు. అంత కూడా లేనివాళ్లు సున్నంలో ఫెవికాల్ కలిపి రెండు పూతలు వేసుకుంటారు. వాన పడితే కొంత పోతుంది, మళ్లీ వేయాలి, అయినా పనిచేస్తుంది.

నా ఆందోళన ఇక్కడే. ఇది ఇంత చవగ్గా పనిచేస్తే దేశం ఏమైపోవాలి?

ఏసీ సంగతి చూడండి. షోరూమ్‌లో అడుగుపెడితే ఆధార్, పాన్ తీసుకుని అరగంటలో లోను ఇచ్చేస్తారు. నో కాస్ట్ ఈఎమ్ఐ, పాతది తెస్తే ఎక్స్ఛేంజి. ఏసీ వచ్చాక స్టెబిలైజర్, ఏటా సర్వీసింగు, లీకైతే గ్యాసు. అవుట్‌డోర్ యూనిట్ మన వేడిని పక్కింటి కిటికీలోకి ఊదుతుంది కాబట్టి వచ్చే ఏడు వాళ్లూ కొంటారు. ఒక్క యంత్రంతో వీధి వీధంతా అభివృద్ధి చెందుతుంది. అదే సున్నం వేసుకున్నవాడి వల్ల ఎవరికి ఉపయోగం? అసలు బ్యాంకుకెళ్లి స్లాబుకి సున్నం కొట్టించడానికి లోను కావాలని అడిగి చూడండి. మేనేజరు గారు మంచినీళ్లు ఇప్పించి, ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా అని మెల్లగా అడుగుతారు.

పన్నుల విషయంలో మాత్రం పూర్తి సమానత్వం వచ్చింది. 2025 సెప్టెంబరులో ఏసీల మీద జీఎస్టీని 28 నుంచి 18 శాతానికి తగ్గించారు. పెయింటు మీద ఎప్పటి నుంచో 18 ఉంది. అలాగే ఉంచారు.

ఇంటి మీద కరెంటు పుట్టించుకుంటానంటే సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78 వేల సబ్సిడీ ఉంది. తెల్ల రేషన్ కార్డుండి నెలకి 200 యూనిట్ల లోపు వాడితే 2024 నుంచి గృహజ్యోతిలో బిల్లే లేదు. రెండూ మంచివే, నాకేం కడుపుమంట లేదు. కరెంటు పుట్టిస్తే ప్రభుత్వం డబ్బులిస్తుంది, వాడితే మన బిల్లు తనే కడుతుంది. అసలు అంత కరెంటు అక్కర్లేకుండా చేసుకుంటానన్నవాడిని మాత్రం అభినందిస్తారు. అభినందనకు జీఎస్టీ లేదు.

ఈ మాట ఎత్తగానే, పెంకుటిళ్లు ఎంత చల్లగా ఉండేవని నిట్టూర్చేవాళ్లు తయారవుతారు. వాళ్లలో ఒక్కరూ వానాకాలం ముందు కోతులు చెదరగొట్టిన పెంకులు సర్దించి ఉండరు. ఆ బాధలన్నీ పడే జనం స్లాబుకి మారారు. ఇప్పుడున్నది స్లాబే, చేయాల్సింది దానికే. పడమటి గోడకి ఓ నీడ, కిటికీలకి సన్‌షేడ్ కూడా. కానీ ఇల్లు కొనేటప్పుడు ఈస్ట్ ఫేసింగా, మంజీర నీళ్లున్నాయా, బోరెంత లోతు అని అడిగే మనం, పడమటి గోడ పడగ్గదికి తగిలిందా అని అడగం. ఏసీలకిచ్చినట్టే కరెంటు ఆదాను బట్టి ఇళ్లకూ స్టార్ లేబుల్ ఇస్తామని 2019లో చెప్పారు. ఏ బ్రోకరూ నాకు ఇంతవరకూ నక్షత్రాల ఇల్లు చూపించలేదు. జన్మనక్షత్రం మాత్రం అడిగారు.

అద్దె ఇంట్లో ఇంకా సులువు. సున్నం ఖర్చు ఓనర్‌ది, చల్లదనం అద్దెకున్నవాడిది, కాబట్టి ఆ పని జరగదు. అపార్టుమెంటులో స్లాబు అందరిదీ, వేడి మాత్రం పై అంతస్తు వాళ్లది. మా అసోసియేషన్ మీటింగులో 502 ఆయన స్లాబుకి కూల్ పెయింటు వేయిద్దామని ప్రతిపాదించారు. గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లు తమకు చల్లగానే ఉందన్నారు. సెక్రటరీ గారు ఫండ్స్ గేటు రంగులకే సరిపోతాయన్నారు. ఆయన పట్టు వదలకపోయేసరికి 203 పిన్నిగారు లేచి, "స్లాబు చల్లబడితే నా వడియాలు ఎక్కడ ఎండాలయ్యా?" అని అడిగారు. దానికి ఎవరి దగ్గరా సమాధానం లేదు. వడియాల సీజన్ అయ్యాక పరిశీలించాలని ఏకగ్రీవంగా తీర్మానించి, సమోసాలు తిని, ఏసీ ఆపి లేచాం.