ఈ మాక్ టెస్ట్ మార్కులు ఒక్కచోట నిలవవా?

నీట్ దగ్గరపడుతోంది, నా మాక్ టెస్ట్ మార్కులు మాత్రం కుదురుగా ఉండట్లేదు. ఒక ఆదివారం 580, మరుసటి ఆదివారం 490. చదివింది అవే పుస్తకాలు! ద్వారకానగర్ కోచింగ్‌లో పేపర్ ఒకలా ఉంటుంది, ఆన్‌లైన్ సిరీస్‌లో ఇంకోలా. ఒకరు ఫిజిక్స్ లెక్కలతో చంపేస్తారు, ఇంకొకరు బయాలజీ అంతా ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకంలోని వాక్యాలే దింపేస్తారు. రెండిటి మార్కులూ పక్కపక్కన పెట్టి పోల్చడం ఏం న్యాయం?

పైగా కరెక్టయితే 4, తప్పయితే మైనస్ 1. అంటే జవాబు తెలిసిన ప్రశ్నే తొందరలో తప్పు పెడితే 5 మార్కులు గల్లంతు. అలాంటివి 10 జరిగితే 720లో 50 పోయినట్టే. అంతమాత్రాన చదువు రానట్టా? ఈ లెక్క ఎవరికీ పట్టదు. మార్కుల మెసేజ్ నాకంటే ముందు నాన్న ఫోన్‌కి వెళ్తుంది. సాయంత్రానికి గాజువాక నుంచి పిన్ని ఫోన్: "ఏమ్మా, ఈసారి తగ్గాయంట?" పెరిగినప్పుడు ఒక్కరూ అడగరు, అదే నాకు ఎక్కువ బాధ.

ఏ చాప్టర్‌లో ఎందుకు పోయాయో కూర్చుని చూసుకోవడానికి ఒక్క రోజు ఖాళీ ఇవ్వండి, చాలు. అదీ ఇవ్వరు. ఎల్లుండే ఇంకో గ్రాండ్ టెస్ట్!