మార్కులు వేసేది పోలీసులా?

గుజరాత్‌లోని వడోదరలో పరీక్షకు కూర్చోవాలంటే ఇకపై హాల్ టికెట్‌తో పాటు బెయిలు కాగితం కూడా జేబులో ఉండాలేమో! మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో ఫైన్ ఆర్ట్స్ విద్యార్థులు వార్షిక పరీక్షల్లో మార్కుల కోసం తమ బొమ్మలు పెట్టుకున్న చోటికి 2007 మే 9న సంఘ్ పరివార్ స్థానిక నాయకుడొకరు పోలీసులను వెంటబెట్టుకుని వచ్చారు. దుర్గను, సిలువను చిత్రించిన తీరుపై గొడవ చేశారు. గీసిన కుర్రాడు మన తెలుగువాడే. బెయిల్ వచ్చేదాకా ఐదు రోజులు జైల్లో ఉన్నాడు.

ఆ బొమ్మలు కొందరిని నొప్పించి ఉండవచ్చు. చర్చి వర్గాలూ అభ్యంతరం చెప్పాయి. కాదనం. కానీ అది పరీక్ష. జవాబు నచ్చకపోతే ఎగ్జామినర్ సున్నా వేస్తాడు, సంకెళ్లు వేయడు.

మాకు అసలు భయం పుట్టించింది యూనివర్సిటీ తీరు. చొరబడినవారి మీద కేసు పెట్టమంటే పెట్టలేదు. నిరసనగా విద్యార్థులు తమ ఆర్కైవ్‌లోని ప్రాచీన శృంగార శిల్పాల, చిత్రాల నకళ్లను వరుసగా పెడితే మూసేయమంది. మూయనన్న ఇన్‌చార్జి డీన్ శివాజీ పణిక్కర్‌ను సస్పెండ్ చేసింది. అంటే నేరం ఒక్క కుర్రాడిది కాదన్నమాట, రెండు వేల ఏళ్ల నాటి శిల్పులూ ముద్దాయిలే!

మన తిరుపతి జిల్లా గుడిమల్లం వెళ్లి చూడండి. నిలువెత్తు లింగం. అది పురుషాంగమని శిల్పి ఏమీ దాచలేదు. దాని ముందు భుజాన గొడ్డలి, చేత పొట్టేలుతో మరుగుజ్జు భుజాలెక్కి నిలబడిన శివుడు. గర్భగుడిలోనే ఉన్నాడు, భక్తులు దణ్ణం పెట్టుకుంటున్నారు. ఆ శిల్పి ఇవాళ వడోదరలో ప్రాక్టికల్స్‌కు వస్తే రాత్రికి లాకప్పులో ఉంటాడు.

ఈ విశ్వవిద్యాలయం ఎవరి పేరు పెట్టుకుందో ఆ వడోదర మహారాజు సయాజీరావు గైక్వాడే రవివర్మను పిలిపించి దేవతలను గీయించారు. ఈనాడు మన పూజగదుల్లో కనిపించే చీరకట్టు లక్ష్మి, వీణ పట్టిన సరస్వతి చాలామటుకు ఆ కుంచె చలవే. మన చిత్రకారుడు లక్ష్మాగౌడ్ 1960లలో వెళ్లి చదువుకున్నదీ అక్కడే. ముఖ్య అతిథి వస్తే స్టేజీ మీద విద్యార్థులతో అప్పటికప్పుడు వినాయకుణ్ణి గీయించి చప్పట్లు కొట్టే క్యాంపస్‌లు మనకు కొత్త కాదు. గీసే దేవుడు క్యాలెండర్‌లో ఉన్నట్టే ఉంటే సంస్కృతి, కాస్త తేడా వస్తే కేసు!

ఒకసారి పోలీసులు మూల్యాంకన గదిలో అడుగుపెట్టారంటే మరుసటి ఏడు పరీక్షలకు ఎవరూ పిలవకుండానే వస్తారు. ఈసారి బొమ్మ, రేపు చరిత్ర పేపరు, ఎల్లుండి క్షేత్రయ్య శృంగార పదాలపై సిద్ధాంత వ్యాసం రాసుకునే తెలుగు శాఖ విద్యార్థి. వడోదరలో చెల్లింది హైదరాబాద్‌లో చెల్లదా?

వైస్ చాన్సలర్ అప్పుడే డీన్ సస్పెన్షన్ ఎత్తేయాల్సింది. కుర్రాడి బొమ్మలను ఎగ్జామినర్ల చేత దిద్దించి మార్కులు ప్రకటించాల్సింది. అంత ధైర్యం లేకపోతే ఎగ్జామినర్ల పక్కన సబ్ ఇన్‌స్పెక్టర్‌కూ ఒక కుర్చీ వేయించండి. కనీసం ఏం గీయకూడదో పిల్లలకు ముందే తెలుస్తుంది.