కలుపు మొక్కల గింజలు కూడా దాచాలి

"కలుపు మొక్కల మీద పరిశోధనా? ఎవరికి లాభం?" ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. అడిగినవాళ్లకు దక్షిణ కాలిఫోర్నియాలోని ఒక ఆవ మొక్క కథ చెబుతుంటాను.

టర్నిప్ జాతికే చెందిన ఈ మొక్క అక్కడ దానంతటదే మొలుస్తుంది. పసుపు పచ్చగా పూసి, గింజ రాల్చి, ఏడాదిలోనే చచ్చిపోతుంది. 1997లో రెండు చోట్ల దాని గింజలు సేకరించి దాచారు. 2000 నుంచి 2004 వరకు కరవు. 2004లో అవే చోట్ల మళ్లీ గింజలు తీశారు. స్టీవెన్ ఫ్రాంక్స్, షీనా సిమ్, ఆర్థర్ వైస్ అనే శాస్త్రవేత్తలు కలిసి పాతవాటినీ కొత్తవాటినీ ఒకే పరిస్థితుల్లో పెంచి చూశారు. అదీ నేరుగా కాదు. ముందు రెండింటినీ ఒక తరం పెంచి, ఆ మొక్కల గింజలతోనే అసలు పోలిక మొదలుపెట్టారు. నిల్వలో గింజకు వచ్చిన నీరసాన్ని జన్యువుల తేడాగా పొరబడకూడదు కదా! ఆ ఓపికకు నేను చేతులెత్తి మొక్కుతాను.

కరవును దాటి వచ్చిన మొక్కలు ముందే పూశాయి. ఒక చోట సగటున 1.9 రోజులు, మరో చోట 8.6 రోజులు ముందు. పాత, కొత్త మొక్కలను సంకరపరిస్తే పిల్ల మొక్కలు ఆ రెండింటి నడుమ పూశాయి. మార్పు జన్యువుల్లోనే జరిగిందన్నమాట. వాన త్వరగా ఆగిపోయిన ఏడు, ఆలస్యంగా పూసే మొక్క గింజ కట్టకముందే ఎండిపోతుంది. ముందు పూసినదాని సంతానమే మిగులుతుంది. పరిణామానికి లక్షల ఏళ్లు కావాలని బడిలో చదువుకున్నాం. ఇక్కడ ఏడేళ్లు చాలాయి.

2007లో ఈ ఫలితం లోకానికి తెలిసింది. 1997లో ఆ గింజలు దాచకపోయి ఉంటే? కరవు రాబోతోందని అప్పుడు ఎవరికీ తెలియదు. "ఉపయోగం ముందు చెప్పండి, డబ్బు తర్వాత ఇస్తాం" అని పట్టుబట్టి ఉంటే ఆ సంచులే ఉండేవి కావు.

మన పటాన్‌చెరులో ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ వంటి పంటల విత్తన నమూనాలను లక్షకు పైగా కాపాడుతోంది. అది గొప్ప పని. కానీ మారుతున్న వానలకు ఎవరి సాయమూ లేకుండా తట్టుకుంటున్నది చేలగట్ల మీద కలుపుగా మొలిచే గునుగు, బతుకమ్మలో పేర్చే ఆ పూల మొక్కే. దాని గింజలు ఏటా ఒకే చోట కోసి, ఊరు, తేదీ రాసి, ఆరబెట్టి చల్లని గదిలో పెట్టడానికి ఒక కళాశాల వృక్షశాస్త్ర విభాగం చాలదా? విద్యార్థులు చేయగల పని ఇది. బతుకమ్మ పండుగ ముగిసిన కొన్ని వారాలకే గునుగు గింజ ఎండి రాలిపోతుంది. ఈ ఏటి గింజ కావాలంటే అప్పుడే కోయాలి.