నూటపదహార్లు రష్యాలో చెల్లవు

రష్యాలో ఎంబీబీఎస్ చదివే తెలుగు కుర్రాడికి అసలు గండం అనాటమీ కాదు, మార్చి 8, మహిళా దినోత్సవం. ఆ రోజు పంతులమ్మకీ, హాస్టల్ ఆవిడకీ, తోటి ఆడపిల్లలకీ పూలివ్వాలి. 1917లో పెట్రోగ్రాడ్ (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) మిల్లు కార్మిక స్త్రీలు రొట్టె కోసం వీధికెక్కిన రోజు ఇది. వారం తిరిగేసరికి జార్ చక్రవర్తి గద్దె దిగాడు. 1965లో సోవియట్ సర్కారు దీన్ని సెలవుగా ప్రకటించింది. ప్రస్తుతానికి విప్లవం సద్దుమణిగింది, పూల లెక్క మాత్రం మిగిలింది.

ఆ లెక్క ఇదీ: బతికున్నవారికి బేసి, పోయినవారికి సరి. మూడు, ఐదు, ఏడు ఇస్తే శుభాకాంక్షలు, ఆరిస్తే సంతాపం. పెళ్ళికెళ్ళి నూటపదహార్లు చదివించి చేతులు దులుపుకునే జాతికి ఇదెంత అన్యాయమో ఏ మంత్రిత్వశాఖైనా ఆలోచించిందా? మూడు ఎరుపు, మూడు పసుపు కలిపి ‘రెండూ బేసేగా’ అని వాదించకండి, మొత్తమే లెక్క. లెక్కపెట్టేది కాడలను, ఒక కాడకు నాలుగు పూసినా అది ఒకటే. మరీ పెద్ద గుత్తి అయితే ఎవరూ లెక్కపెట్టరు గానీ, ఆ మార్గం స్టైపెండ్ లేనివారికి కాదు.

ఈ పండగ పువ్వు మిమోజా. పేరు చూసి అత్తిపత్తి అనుకోవద్దు, ఇది మన తుమ్మకు దగ్గర చుట్టం. ఆస్ట్రేలియాలో పుట్టి, నల్లసముద్రం ఒడ్డున స్థిరపడింది. మన ఊళ్ళో మేకలు మేసే పూతకి అన్న వరసయ్యేదాన్ని అక్కడ సెల్లోఫేన్ చుట్టి అమ్ముతారు. గదిని వేడిచేసే రేడియేటర్ పక్కన పెడితే పసుపు ఉండలు ముడుచుకుని పొడిపొడిగా రాలిపోతాయి.

ట్యులిప్ కొంటే ఇంకో తంటా. క్యాలెండర్‌లో వసంతమే, వీధిలో మంచు. తలలు కూడా మునిగేలా కాగితం చుట్టించాలి. గదిలోకి రాగానే విప్పకూడదు. పావుగంటైనా అలాగే ఉంచాలి, లేకపోతే ఒక్కసారిగా తగిలిన వేడికి రేకులు వడలిపోతాయి. తర్వాత కాడ చివర అంగుళం కోసి, చల్లటి నీళ్ళు నాలుగు వేళ్ళ లోతు పోస్తే చాలు. కోసినా కాడ పెరుగుతూనే ఉంటుంది, వెలుతురు వైపు మెడ సాచుతూ.

గడప మీద నిలబడి ఇవ్వకూడదు. ఈ ఒక్క పాఠం మనకు అమ్మమ్మ చెప్పే పంపించింది.

పొరపాటున పది కొన్నారా? ఒకటి తీసేయండి. తీసింది పారెయ్యొద్దు, కింద చలికోట్లు భద్రపరిచే మామ్మగారికి ఇవ్వండి. ఒకటీ బేసే.