ఎలకలకి కరిగిన పొట్ట మనకి కరగదబ్బా

యూనివర్సిటీ గ్రౌండ్‌లో పొద్దున్నే నడిచేవాళ్ళ గ్రూపు, కాలేజీ గ్రూపు, ఆఖరికి మా పిన్నమ్మ వాళ్ళ చీటీల గ్రూపు, యాడ చూసినా అదే ఫార్వర్డ్. సీఎల్ 316,243 అనే మందు పది రోజుల్లో పొట్ట కరిగిస్తుందంట, అమెరికాలో ఎలకల మీద రుజువైందంట, గుర్రాలకి కూడా ఇదే వేస్తారంట, కంపెనీలు తొక్కిపెట్టినాయంట, ఆన్‌లైన్‌లో 99 శాతం ప్యూర్ పొడి తెప్పించి నీళ్ళలో కలిపి ఇన్సులిన్ సిరంజితో పొడుచుకుంటే షుగర్ మాత్రలు కూడా మానేయొచ్చంట. ఫార్మకాలజీ చదివి ల్యాబ్‌లో ఎలకలకి సూదులేసినోణ్ణి, ఇంక గమ్మున ఉండలేను.

తొక్కిపెట్టడం ఒట్టి మాట. ఈ మందు కనిపెట్టిన అమెరికన్ సైనమిడ్ కంపెనీ వాళ్ళే 1992లో దీని మీద పేపర్ వేసి, షుగర్‌కీ ఊబకాయానికీ పనికొచ్చేట్టుందని టైటిల్‌లోనే రాసుకున్నారు. పనిచేసుంటే అమ్ముకుని కోట్లు సంపాదించుకునేవాళ్ళు కదా. గుర్రాలకి వేసేది క్లెన్‌బ్యుటెరాల్, అది బీటా-2 అనే రిసెప్టర్ల మీద పనిచేసే మందు, ఇది బీటా-3 రిసెప్టర్ల మీద (రిసెప్టర్ అంటే కణం మీద మందు పోయి అతుక్కునే చోటు). ఆ క్లెన్‌బ్యుటెరాల్ ఉన్న పశువుల లివర్ తిని 1990లో స్పెయిన్‌లో 135 మంది జబ్బు పడ్డారు.

ఎలకల సంగతి మాత్రం నిజం, ఒప్పుకుంటా. తిండి తగ్గించకుండానే వాటికి కొవ్వు తగ్గుతుంది, ఇన్సులిన్ బాగా పనిచేస్తుంది, శక్తిని దాచిపెట్టే తెల్ల కొవ్వులో కొంత, శక్తిని కాల్చి వేడి పుట్టించే గోధుమరంగు కొవ్వు మాదిరి వేడి పుట్టించడం మొదలుపెడుతుంది. ఎందుకంటే వాటి కొవ్వు కణాల నిండా బీటా-3 రిసెప్టర్లు ఉంటాయి. మన తెల్ల కొవ్వులో అవి చాలా తక్కువ, ఉన్నవాటి మీద కూడా ఈ మందు ఎలకల్లో పట్టినట్టు పట్టదు, మింగితే ఒంటికి పట్టేదీ కొంచెమే. మనుషులకి ఇచ్చి చూశారు కూడా, 1998లో రిజల్ట్ వచ్చింది, ఆరోగ్యంగా ఉన్న సన్నటి కుర్రోళ్ళకి 8 వారాలు ఇస్తే ఇన్సులిన్ పని మెరుగుపడింది, కొవ్వు వాడకం రొంత పెరిగింది, అది కొట్టిపారేసే విషయం కాదు, కానీ రోజు మొత్తంలో ఒళ్ళు ఖర్చుపెట్టే శక్తి పెరగలా. ఫార్వర్డ్ రాసినాయన ఎలకల దగ్గరే ఆగిపోయినాడు.

ఇంక ఆ పొడి సంగతి, నాకు కడుపు మండేది దీనికే. డబ్బా మీద రీసెర్చ్‌కి మాత్రమే, మనుషులకి వాడరాదు అని రాసుంటుంది. 99 శాతం ప్యూర్ అంటే అందులో మిగతా కెమికల్స్ ఒక శాతమే అని, అంతే. రాళ్ళు లేని బియ్యం అంటే కడిగిన బియ్యం అని అర్థమా? బ్యాక్టీరియా ఉందా, చచ్చిన బ్యాక్టీరియా వదిలే ఎండోటాక్సిన్ ఉందా అనేది ఆ అంకె చెప్పదు, అది రక్తంలోకి పోతే చలిజ్వరం, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. మనకిచ్చే ఇంజెక్షన్లకి ఆ టెస్టు చేసి గానీ బయటికి వదలరు, ల్యాబ్ పొడికి ఎవరు చేసినారు? డబ్బాలో ఉండేది నిజంగా అదేనా అని కూడా ఎవురికీ తెలీదు. 25 గ్రాముల చిట్టెలకకి ఇచ్చే డోసుని మన కేజీలతో గుణించేయమంటున్నాడు, ఏ పుస్తకంలో చదివినాడో! మిల్లీగ్రాములు తూచే త్రాసు ఎవరింట్లో ఉండాది, అంగట్లో బంగారం తూచే త్రాసా? ఇంత బాధ్యత లేకుండా ఎట్ల రాస్తారబ్బా, చదివేవాళ్ళలో అరవై దాటిన పెద్దోళ్ళు ఉండారని తెలీదా?

మిరాబెగ్రాన్ కూడా ఇదే జాతి కదన్నా అని ఒకాయన అడిగినాడు. అవునన్నా, బీటా-3 మందే, 2012 నుంచి అమెరికాలో మూత్రం ఆపుకోలేనివాళ్ళకి ఇస్తా ఉండారు. మామూలు డోసు 25 లేదా 50 మిల్లీగ్రాములు. 200 ఇస్తే మనుషుల గోధుమరంగు కొవ్వు మేలుకుందని 2015లో చూపించినారు, దాంతోపాటే గుండె వేగం, బీపీ కూడా పెరిగినాయి.

షుగర్ మాత్రలు మానేయమని రాసినోడికి మాత్రం నా దగ్గర మర్యాద లేదు. చిన్నప్పటి నుంచి ఇన్సులిన్ మీదే బతికే పిల్లోడు ఇది నమ్మి ఆపేస్తే కొద్ది రోజుల్లోనే ఆస్పత్రి ఐసీయూలో ఉంటాడు. మన గ్రూపులో ఎవరన్నా మాత్రలు ఆపేసి ఉంటే, పెద్దాయనా, అక్కా, ఈరోజే షుగర్ చూపించుకోండి, ఆపేసిన సంగతి దాచకుండా డాక్టర్‌తో చెప్పండి. పొడి ఇంటికి వచ్చేసుంటే డబ్బా మూత తీయొద్దండి.