సవరణ: రెప్లికా కోబ్రా బరువు గురించి

"ఫైబర్‌గ్లాస్ బాడీ కాబట్టి రెప్లికా కోబ్రా అసలు కారుకంటే తేలిక" అని ఇంతకుముందు పోస్టులో ఉన్న మాటను సవరిస్తున్నాను. కోబ్రా ఒక పాత స్పోర్ట్స్ కారు, రెప్లికా అంటే దాని నకలు. 1960లలో వచ్చిన అసలు కోబ్రా బాడీ పలుచటి అల్యూమినియం రేకు. ఫైబర్‌గ్లాస్ మందంగా వేస్తే దానికంటే బరువే తూగుతుంది.

పెద్ద తేడా వచ్చేది ఇంజన్ దగ్గర. ఫోర్డ్ 302 ఇంజన్ (అంకె ఘనపు అంగుళాల్లో దాని సైజు) సుమారు 210 కిలోలు, పోత ఇనుముతో చేసిన పెద్ద 427 ఇంజన్ అయితే దాదాపు 300. ఆ 90 కిలోలు చాలావరకు ముందు చక్రాల మీదే పడతాయి, స్టీరింగ్ తిప్పగానే తెలిసిపోతుంది. ఛాసిస్ (కారు అడుగు చట్రం) గొట్టాల మందం, గేర్‌బాక్స్ కూడా లెక్కలోకి వస్తాయి.

అమ్మేవాళ్లు చెప్పే బరువులో పెట్రోల్ కలిసి ఉందా లేదా తప్పకుండా అడగండి. 60 లీటర్ల ట్యాంకు నిండితేనే 45 కిలోలు. నాలుగు చక్రాల కిందా తూకం పెట్టిస్తే ముందెంత, వెనకెంత అన్నది విడిగా తెలుస్తుంది.