డెంగీ గ్రాఫ్ తోక ఎప్పుడూ కిందికే ఎందుకుంటుంది?

వానాకాలంలో తరచూ వినే మాట, ‘డెంగీ తగ్గుముఖం పట్టింది’. గ్రాఫ్‌లో చివరి గీత కిందికి వంగిందంటే చాలు, ఆ మాట వచ్చేస్తుంది. నిజానికి ఏ వారం చూసినా ఆ తోక కిందికే ఉంటుంది. ఆ వారం కేసులు ఇంకా కంప్యూటర్‌లోకి పూర్తిగా ఎక్కవు మరి!

దోమ కుట్టిన 4 నుంచి 10 రోజులకు జ్వరం వస్తుంది. రెండు మూడు రోజులు మందుల షాపు మాత్రలతో గడిచిపోతాయి. ఆపైన ఆర్‌ఎంపీ, తర్వాతే ఆసుపత్రి. నమూనా ల్యాబ్‌కు చేరినా ఎలైసా (డెంగీని నిర్ధారించే రక్తపరీక్ష) వెంటనే పెట్టరు. ప్లేటులో 96 గుంతలుంటాయి, ప్రతిసారీ కంట్రోళ్లు (ఫలితం ముందే తెలిసిన నమూనాలు) కూడా కలపాలి. నాలుగైదు నమూనాలకే పరీక్ష పెడితే కిట్ దండగ కాబట్టి మరికొన్ని పోగయ్యేదాకా ఆగుతారు. ఫలితం పోర్టల్‌లో పడేసరికి దోమ కుట్టి రెండు మూడు వారాలు కావచ్చు. ఈలోగా పక్కింటి తొట్టిలోని గుడ్లు 7-10 రోజుల్లో దోమలై ఎగిరిపోతాయి.

ఈ జాప్యాన్ని లెక్కగట్టొచ్చు, కష్టమేమీ కాదు. ప్రతి కేసుకూ జ్వరం మొదలైన తేదీ, నమూనా తీసిన తేదీ, ఫలితం ఎక్కించిన తేదీ ఉండాలి. ఒక వారం జ్వరపడ్డవారిలో 40 శాతమే అదే వారం నమోదవుతున్నారని పాత రికార్డు చెబితే, ఈ వారం కనిపించే 20 కేసుల్ని 50గా చదవాలి. జ్వరం తేదీ అడగకుండా నమోదు తేదీనే అక్కడ కొట్టేస్తే ఈ లెక్క కుదరదు. పైగా ఆదివారం ఓపీ ఉండదు కాబట్టి సోమవారం కేసులు ఎగబాకినట్టు కనిపిస్తాయి.

2004లో మొదలైన కేంద్ర ప్రభుత్వ వ్యాధుల నిఘా పథకం ఐడీఎస్పీలో వివరాలు వారానికోసారి పైకి వెళ్లేవి. దాని పాత పోర్టల్ స్థానంలో తెచ్చిన ఆన్‌లైన్ వేదిక ఐహెచ్‌ఐపీని 2018లో రెండు తెలుగు రాష్ట్రాలు సహా ఏడు రాష్ట్రాల్లో ముందుగా ప్రయత్నించి, 2021 ఏప్రిల్‌లో దేశమంతటికీ విస్తరించారు. వేగం పెరిగిన మాట నిజమే, కానీ తప్పు తేదీ వేగంగా చేరితే ఒరిగేదేముంది?

చిరునామాదీ ఇదే కథ. పాలమూరు రోగి హైదరాబాద్‌లో పరీక్ష చేయించుకున్నప్పుడు ఆసుపత్రి చిరునామా పడిందంటే ఫాగింగ్ యంత్రం హైదరాబాద్ వీధిలో తిరుగుతుంది, దోమలు పాలమూరులో ఉంటాయి. డెంగీని మోసే ఏడిస్ దోమ పుట్టినచోటి నుంచి సాధారణంగా కొన్ని వందల మీటర్లు దాటదు. కాబట్టి జిల్లా మొత్తం అంకె కన్నా వీధి పేరే విలువైనది. ‘వెంకటలక్ష్మి’ని నాలుగు రకాల స్పెల్లింగులతో ఎక్కిస్తే ఒక రోగి నలుగురవుతుంది. ఫోన్ నంబరుతో సరిచూద్దామంటే ఇంటిల్లిపాదికీ ఒకటే నంబరు.

కేసుల అంకె పక్కన పరీక్షల అంకె లేకపోతే అసలు నమ్మకూడదు. 100 నమూనాల్లో 10 పాజిటివ్, తర్వాతి వారం 300లో 24 అనుకుందాం. శీర్షిక ‘రెట్టింపు దాటిన డెంగీ’ అవుతుంది, పాజిటివిటీ మాత్రం 10 నుంచి 8 శాతానికి దిగింది. దాన్నీ గుడ్డిగా పట్టుకోవద్దు. పరీక్షలు పెంచితే తేలికపాటి జ్వరాలూ వరుసలోకి వస్తాయి, డెంగీ తగ్గకపోయినా శాతం దిగొచ్చు.

డేటా రాశి పెరిగితే ఇవన్నీ వాటంతటవే సర్దుకుంటాయనే భ్రమకు జవాబు 2008లో వచ్చిన గూగుల్ ఫ్లూ ట్రెండ్స్. కోట్లాది వెతుకులాటల నుంచి ఫ్లూని అంచనా కట్టింది. 2009 స్వైన్ ఫ్లూ మొదటి అలను తక్కువగా, 2012-13 సీజన్‌ను చాలా ఎక్కువగా చూపింది. జనం జబ్బుపడి వెతికినా, వార్త చూసి భయపడి వెతికినా దానికి ఒకటే. 2015లో ఆపేశారు.

మన దగ్గర పెద్ద ఖాళీ ప్రైవేటు ఆసుపత్రులది. అక్కడ ఎక్కువగా వాడేది అప్పటికప్పుడే ఫలితం చెప్పే కార్డు టెస్టు. ప్రభుత్వ లెక్కలో డెంగీ నిర్ధారణకు ఎలైసా కావాలి. అలాగని కార్డు పాజిటివ్‌లను పారేయడం తప్పు. ‘అనుమానితం’ అని వేరే వరుసలో ఉంచి, జ్వరం తేదీ, వీధి పేరుతో అదే రోజు ఆ ప్రాంత ఏఎన్‌ఎంకు పంపితే, ఎలైసా ఫలితం వచ్చేలోపే ఆమె తొట్లు బోర్లించే పని మొదలుపెట్టించగలదు.